అద్దె ఇంటి తలుపు మీద బ్యాంకు నోటీసు పడితే: అద్దెకున్నవాళ్లు, పక్క ఫ్లాట్లవాళ్లు చేయాల్సిన పనులు

ఓనరు అప్పుతో అద్దెకుండేవాళ్లకు పనేముంది అనుకుంటాం. నెలనెలా అద్దె కడుతున్నాం, మన దారిన మనం ఉంటున్నాం. కానీ ఓనరు బ్యాంకుకు వాయిదాలు కట్టడం ఆపేస్తే ఆ సంగతి మనకు చెప్పేవాళ్లుండరు. తలుపుకు కాగితం అంటించాకే తెలుస్తుంది.

నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో, చివరి కొన్నేళ్లు రికవరీ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. అలాంటి కాగితాలు సంతకాలకు పెట్టి, ఊరంతా తిరిగి అంటింపజేసిన చేతులివి. ఇప్పుడు కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు సెక్రటరీని. కిందటేడాది మా బ్లాకులోనే మూడో అంతస్తు ఫ్లాటుకు నోటీసు వచ్చింది. ఓనరు ఎక్కడో వ్యాపారానికి అప్పు తీసుకుని ఈ ఫ్లాటు తనఖా పెట్టాడు. అందులో అద్దెకుంటున్న అమ్మాయి ఆ కాగితం ఊడబీకి పట్టుకొచ్చి, "ఆంటీ, రేపే ఖాళీ చేయాలా?" అని అడిగింది. అక్కర్లేదు. అలాగని పట్టించుకోకుండా ఊరుకోనూ కూడదు. ఈ రెంటికీ మధ్య ఏం చేయాలో ఆ అమ్మాయికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మాట, అంటించిన కాగితాన్ని పీకకండి. ఫొటో తీసుకోండి, అన్ని పేజీలూ, సంతకం, సీలు కనిపించేలా.

అది ఏ కాగితమో చూడండి

బ్యాంకు నోటీసులన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. పైన బ్యాంకు పేరు, కింద 2002 నాటి సర్ఫేసీ చట్టం (అప్పు కట్టనివాళ్ల తనఖా ఆస్తిని బ్యాంకు తీసుకుని అమ్ముకోవడానికి వీలిచ్చేది) పేరు, మధ్యలో భయపెట్టే భాష. కానీ వాటిలో మూడు రకాలున్నాయి. ఏది వచ్చిందో తెలిస్తే మీకు ఎంత సమయం ఉందో తెలుస్తుంది.

ఒకటి డిమాండ్ నోటీసు. వాయిదా 90 రోజులు దాటి కట్టకపోతే ఖాతాను ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ కింద వేస్తారు. ఆ తర్వాత సెక్షన్ 13(2) కింద, 60 రోజుల్లో మొత్తం బాకీ కట్టమని ఇచ్చే నోటీసు ఇది. ఇది ఓనరు పేరుమీద వస్తుంది. ఆయన తప్పించుకు తిరుగుతుంటే తలుపుకు అంటిస్తారు, పేపర్లో వేస్తారు. ఈ దశలో మీ జోలికి ఎవరూ రారు.

రెండోది స్వాధీన నోటీసు, 13(4) కింద ఇచ్చేది. ఇల్లు బ్యాంకు స్వాధీనం చేసుకుందని, ఈ ఆస్తితో ఎవరూ లావాదేవీలు చేయవద్దని ప్రజలకు చెప్పే కాగితం. తలుపుకు అంటించడమే కాక ఏడు రోజుల్లోగా రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. రోజూ పేపర్లో చిన్న అక్షరాలతో నిండిపోయి కనిపించే ఆ పెట్టెలు ఇవే. మా మూడో అంతస్తు తలుపు మీద పడింది ఇదే.

ఇక్కడే చాలామంది కంగారుపడతారు. "స్వాధీనం" అని రాసి ఉంది కానీ మీరు ఇంట్లోనే ఉన్నారు, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మేం దీన్ని సింబాలిక్ పొజెషన్ అంటాం. అంటే కాగితం మీద స్వాధీనం. తాళం వేసి, సీలు పెట్టి, మనుషులను బయటికి పంపేది ఫిజికల్ పొజెషన్. దానికి మీరు ఒప్పుకోకపోతే బ్యాంకు సెక్షన్ 14 కింద మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లి ఆర్డరు తెచ్చుకోవాలి. రెంటి మధ్యా నెలలు గడుస్తాయి. ఒక్కోసారి ఏళ్లు.

మూడోది వేలం ప్రకటన. తేదీ, రిజర్వు ధర (అంతకు తక్కువకు అమ్మని కనీస ధర) అన్నీ ఉంటాయి. మొదటిసారి వేలానికి, ప్రకటనకూ మధ్య 30 రోజులుండాలి. ఆ వేలంలో ఎవరూ పాడకపోతే తర్వాతి దానికి 15 రోజులు చాలు. ఈ ప్రకటన వెలువడే దాకా బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఓనరుకు ఉంటుంది. 2016 సవరణ తర్వాత, ప్రకటన పడ్డాక ఆ హక్కు పోతుంది. కాబట్టి వేలం నోటీసు చూసిన తర్వాత కూడా ఓనరు ఫోనులో "ఏం కాదమ్మా, వచ్చే నెల కట్టేస్తున్నా" అంటుంటే ఆ మాటకు విలువ కట్టకండి. "స్టే తెచ్చాను" అంటే ఆర్డరు కాపీ పంపమనండి. బ్యాంకు బాకీల కేసులు వినే ట్రిబ్యునల్, డీఆర్‌టీ వెబ్‌సైట్లో పార్టీ పేరుతో వెతికితే కేసు ఏ దశలో ఉందో మీరే చూడొచ్చు.

నోటీసు ఏదైనా అడుగున ఒక మనిషి హోదా ఉంటుంది, అధీకృత అధికారి అని. ఆ పేరు, ఆఫీసు చిరునామా, మెయిల్ రాసి పెట్టుకోండి. ఇకమీద మీకు కావాల్సిన మనిషి ఓనరు కాదు, బ్రాంచి మేనేజరు కాదు, ఆ అధికారి. ఇంటికొచ్చి గట్టిగా మాట్లాడే ఏజెంట్లు అసలే కాదు.

మూడు తేదీలు పక్కపక్కన రాసుకోండి

మీరు ఇంట్లో దిగిన తేదీ. ఓనరు తనఖా పెట్టిన తేదీ. డిమాండ్ నోటీసు తేదీ. మీ హక్కంతా ఈ మూడింటి వరసలోనే ఉంది.

తనఖా పెట్టకముందు నుంచే మీరు సరైన అద్దె పత్రంతో ఉంటే మీ పరిస్థితి గట్టిది. పత్రం గడువు మిగిలుండగా బ్యాంకు మిమ్మల్ని ఊరికే కదపలేదు. తనఖా తర్వాత, డిమాండ్ నోటీసుకు ముందు దిగినవాళ్లది మధ్యస్థం. ఆస్తి బదిలీ చట్టం 65ఎ సెక్షన్ షరతులకు లోబడి ఉంటే ఆ అద్దె చెల్లుతుంది. ఆ షరతుల్లో ముఖ్యమైనవి, భవనాలకు గడువు మూడేళ్లు మించకూడదు, ముందస్తుగా అద్దె తీసుకోకూడదు, తనఖా పత్రంలో రాసుకున్నదానికి విరుద్ధంగా ఉండకూడదు. ఈ చివరిది మామూలు అద్దెదారుకు గట్టి దెబ్బ. ఎందుకంటే బ్యాంకు అనుమతి లేకుండా అద్దెకివ్వకూడదని మేం లోను పత్రంలో రాయించుకుంటాం. ఏ ఓనరూ ఆ అనుమతి అడగడు.

డిమాండ్ నోటీసు వచ్చాక దిగినవాళ్లకు చట్టంలో దాదాపు ఏమీ లేదు. 13(13) ప్రకారం నోటీసు అందుకున్న ఓనరు బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మనూ కూడదు, లీజుకు ఇవ్వనూ కూడదు.

తనఖా తేదీ ఎలా తెలుస్తుంది? రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీల, తనఖాల జాబితా) తీయండి. మన దగ్గర టైటిల్ డీడ్స్, అంటే ఇంటి పత్రాలు, బ్యాంకులో డిపాజిట్ చేసినట్టు రాసుకునే పత్రాన్ని చాలా బ్యాంకులు రిజిస్టర్ చేయిస్తాయి, అది ఈసీలో కనిపిస్తుంది. కనిపించకపోతే సెర్సాయ్ అని తనఖాలకు ఒక కేంద్ర రిజిస్ట్రీ ఉంది, 2011 నుంచి నడుస్తోంది. కొద్దిపాటి ఫీజు కడితే ఎవరైనా వెతుక్కోవచ్చు. డిమాండ్ నోటీసు తేదీ మాత్రం స్వాధీన నోటీసులోనే రాసి ఉంటుంది, వెతకక్కర్లేదు.

అద్దె పత్రం గురించి ఒక చేదు నిజం. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించిన 11 నెలల అగ్రిమెంటు మన కుటుంబాలన్నిటికీ అలవాటు. బ్యాంకుతో వాదన వచ్చినప్పుడు అది బలహీనమైన కాగితం. 2019లో బజరంగ్ శ్యాంసుందర్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఇదే. రిజిస్టర్ కాని పత్రం లేదా నోటిమాట మీద ఉన్నవాళ్లు ఏడాదికి మించి హక్కు కోరలేరు. అందుకని అగ్రిమెంటుతో పాటు మిగతా సాక్ష్యాలు పోగుచేయండి. అద్దె పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు, మీ పేరుతో వచ్చిన గ్యాస్ బుక్, మెయింటెనెన్స్ రసీదులు, స్కూలు రికార్డులో ఉన్న చిరునామా. చేతికి నగదు ఇచ్చి రసీదు తీసుకోనివాళ్ల దగ్గర వాట్సాప్ మెసేజీలైనా ఉంటాయి. వాటినీ దాచండి.

ఇవన్నీ చూసుకుని డీఆర్‌టీకి వెళ్లొచ్చు. బ్యాంకు చర్య తీసుకున్న రోజు నుంచి 45 రోజుల్లో సెక్షన్ 17 కింద వేయాలి. తెలంగాణవాళ్లకు హైదరాబాద్‌లో, ఆంధ్రావాళ్లకు విశాఖపట్నంలో ట్రిబ్యునళ్లు ఉన్నాయి. 2016 నుంచి అద్దెదారు వాదన వినే అధికారం ట్రిబ్యునల్‌కు స్పష్టంగా ఇచ్చారు. రిజిస్టర్డ్ లీజు ఉన్నవాళ్లు, షాపు పెట్టుకుని ఇంటీరియర్‌కు లక్షలు పోసినవాళ్లు తప్పకుండా లాయరును కలవండి. నెలకు పదిహేను వేల అద్దెకు నోటరీ అగ్రిమెంటుతో ఉన్న కుటుంబానికి మాత్రం నా సలహా వేరు. మీరు పోరాడాల్సింది ఇంటి కోసం కాదు, గడువు కోసం. దానికి లాయరు ఫీజు కంటే ఒక ఉత్తరం బాగా పనిచేస్తుంది.

ఆ ఉత్తరం

బ్యాంకులో కూర్చున్న నాకు తెలిసిన విషయం చెబుతాను. ఫోన్లు లెక్కలోకి రావు. బ్రాంచికి వచ్చి ఏడ్చినా, అరిచినా ఆ రోజుతో సరి. స్పీడ్‌పోస్టులో వచ్చిన ఉత్తరం మాత్రం ఫైల్లో పడుతుంది. రేపు మేజిస్ట్రేట్ ముందు అఫిడవిట్ వేసేటప్పుడు "ఇంట్లో అద్దెదారు ఉన్నట్టు మాకు తెలియదు" అని ఆ అధికారి రాయలేడు. పై ఆఫీసునుంచి ఆడిట్‌కు వచ్చినవాళ్లూ ఆ కాగితం చూస్తారు. అందుకే దాన్ని పక్కన పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

మూడో అంతస్తు వాళ్ల చేత నేను రాయించినది దాదాపు ఇలా ఉంది:

"అధీకృత అధికారి గారికి. మీరు ఫలానా తేదీన స్వాధీన నోటీసు అంటించిన ఫలానా ఫ్లాటులో మేము ఫలానా తేదీ నుంచి అద్దెకు ఉంటున్నాం. నెల అద్దె ఇంత, ఓనరు దగ్గర అడ్వాన్సు ఇంత ఉంది. అగ్రిమెంటు, అద్దె చెల్లింపుల నకళ్లు జతచేస్తున్నాం. ఓనరు మీ దగ్గర తీసుకున్న అప్పుతో మాకు సంబంధం లేదు. మాకు ఒక బిడ్డ, ఒకటో తరగతి. ఏప్రిల్‌లో పరీక్షలు అయ్యాక మే నెలాఖరుకు ఫ్లాటు ఖాళీ చేసి, తాళాలు మీరు చెప్పినచోట రసీదు తీసుకుని అప్పగిస్తాం. అప్పటివరకు అద్దె ఎవరికి కట్టాలో రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఈలోగా మాకు తెలియకుండా ఏ చర్యా తీసుకోవద్దని మనవి."

ఇంతే. ఇందులో బతిమాలడం లేదు, చట్టం సెక్షన్లు లేవు. బ్యాంకుకు కావాల్సిన ఒకే ఒక్క వస్తువు, ఖాళీ ఫ్లాటు, తేదీతో సహా ఇస్తామంటున్నారు. మనుషులున్న ఫ్లాటుకు వేలంలో ధర పలకదు. కొనేవాడు "లోపల ఎవరో ఉన్నారట" అని వెనక్కి తగ్గుతాడు. పోలీసులను, మేజిస్ట్రేట్ నియమించిన కమిషనర్‌ను వెంటబెట్టుకుని చిన్నపిల్లలున్న ఇంటికి వెళ్లడం ఏ అధికారికీ ఇష్టమైన పని కాదు, నాకూ కాలేదు. అందుకే సహేతుకమైన తేదీ చెబితే ఎక్కువసార్లు ఒప్పుకుంటారు. మే నెల అడగటం కూడా ఊరికే కాదు. హైదరాబాద్‌లో స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు కాబట్టి ఇళ్లు దొరికేదీ, మారేదీ అప్పుడే.

అద్దె ఎవరికి, అడ్వాన్సు సంగతేమిటి

బ్యాంకు నుంచి "అద్దె మాకే కట్టండి" అని రాతపూర్వకంగా వచ్చేదాకా ఓనరుకే కట్టాలి. కానీ నగదుగా వద్దు, ఖాతాకు పంపండి. బ్యాంకు అలా రాస్తే, అప్పు ఖాతా నంబరు ఆ ఉత్తరంలో ఉంటే, అందులో కట్టి రసీదు తీసుకుని, ఓనరుకు ఒక మెసేజ్ పెట్టండి. ఇలా కట్టింది ఓనరుకు కట్టినట్టే లెక్క, మళ్లీ ఆయన అడగలేడు. ఏజెంటు ఇంటికొచ్చి తన ఫోనులో క్యూఆర్ కోడ్ చూపించి "ఇక్కడ కొట్టండి" అంటే మాత్రం తలుపు వేసేయండి.

అడ్వాన్సు విషయంలో అపోహ ఏమిటంటే, ఇల్లు తీసుకున్న బ్యాంకే ఇస్తుంది కదా అని. ఇవ్వదు. వేలంలో కొన్నవాడూ ఇవ్వడు. అది మీకూ ఓనరుకూ మధ్య బాకీ. ఓనరుకే డబ్బుల్లేక ఇల్లు పోతోంది, మీకు ఎక్కడినుంచి ఇస్తాడు? కాబట్టి నోటీసు చూసిన మొదటి వారంలోనే, బ్యాంకు అద్దె తనకు కట్టమని రాయకముందే, అడ్వాన్సును అద్దెలో సర్దుకునే ఒప్పందం ఓనరుతో రాసుకోండి. "రెండు నెలల అడ్వాన్సు ఉంది, ఈ నెల, వచ్చే నెల అద్దె అందులోంచి సరిపెట్టుకుంటున్నాం, సరేనా" అని వాట్సాప్‌లో అడిగి, "సరే" అని వచ్చిన జవాబును స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. మా మూడో అంతస్తువాళ్ల ఓనరు మొదట గింజుకున్నాడు. చివరికి ఒప్పుకున్నాడు, ఎందుకంటే ఆయన దగ్గర వేరే దారి లేదు.

హైదరాబాద్‌లో రెండు మూడు నెలల అడ్వాన్సే కాబట్టి ఇలా నెట్టుకురావచ్చు. బెంగళూరులో ఉండే మనవాళ్లకు నేను వేరుగా చెప్పాలి. అక్కడ "లీజు" పేరుతో లక్షలకు లక్షలు ఒకేసారి ఓనరు చేతిలో పెట్టి, నెలనెలా అద్దె లేకుండా ఉండే పద్ధతి ఉంది. అద్దె మిగులుతుందని పిల్లలు సంబరపడతారు. ఆ ఇల్లు తనఖాలో ఉంటే అంత సొమ్ముకూ హామీ ఓనరు నోటిమాట ఒక్కటే. పైగా ముందే పెద్ద మొత్తం తీసుకున్న లీజును 65ఎ చూపించి బ్యాంకు సులభంగా కొట్టేస్తుంది. నా కొడుకు అలాంటి ఇంటికి అడ్వాన్సు ఇవ్వబోతుంటే నేను అడ్డంపడ్డాను. ఈసీ తీసి, సెర్సాయ్ చూసి, రిజిస్టర్ చేయించుకుంటే తప్ప ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దన్నాను. ఓనరు రిజిస్ట్రేషన్‌కు రానన్నాడు. అక్కడితో అయిపోయింది.

ఆర్డరుతో వచ్చిన రోజు

ఉత్తరాలకు, గడువులకు కుదరకపోతే ఒకరోజు అడ్వకేట్ కమిషనర్ వస్తాడు. సెక్షన్ 14 కింద మేజిస్ట్రేట్ నియమించిన లాయరు ఆయన. వెంట బ్యాంకువాళ్లు, పోలీసులు, తాళాలు తీసే మనిషి ఉంటారు. ఆర్డరు కాపీ అడిగి చూడండి. కాపీ ఉంటే గొడవపడటం వల్ల లాభం లేదు. లేకుండా వచ్చిన ఏజెంట్లకు మాత్రం మీ సామాను ముట్టుకునే అధికారం లేదు, పోలీసులకు ఫోన్ చేయండి.

ఆ రోజు పంచనామా రాస్తారు. మీ సామాను లోపల ఉండిపోతే ప్రతి వస్తువూ జాబితాలో ఎక్కాలి. బంగారం, సర్టిఫికెట్లు, మందులు, పిల్లల పుస్తకాలు ముందే తీసి వేరే సంచిలో పెట్టుకోండి. కరెంటు మీటరు రీడింగు రాయించండి, ఫొటో తీయండి. జాబితా చదవకుండా సంతకం పెట్టొద్దు.

తాళం పడ్డ ఫ్లాటు పక్కన ఉండేవాళ్లకు

అద్దెకున్నవాళ్లు వెళ్లిపోతే సమస్య తీరిందని అపార్ట్‌మెంట్ వాళ్లు అనుకుంటారు. నిజానికి మన సమస్య అప్పుడే మొదలవుతుంది. సీలు వేసిన ఫ్లాటు ఒక వానాకాలం దాటితే ఏమవుతుందో మా రెండో అంతస్తు సీలింగును అడగండి.

మూడో అంతస్తువాళ్లు మాట ప్రకారం ఖాళీ చేశారు, బ్యాంకు తాళం వేసింది. బాత్రూములో ఫ్లష్ ట్యాంకు వాల్వు అరిగిపోయి ఉంది. నీళ్లు సన్నగా కారుతూనే ఉన్నాయి. కింద ఫ్లాటు బెడ్‌రూము గోడకు చెమ్మ దిగి, పెయింటు పొక్కులు లేచి, స్విచ్‌బోర్డులో చేయి పెడితే షాకు కొట్టేదాకా వచ్చింది. ఆ కింద ఉన్నది కూడా అద్దెవాళ్లే, ముసలాయన, ఆయన భార్య. వాళ్లు ఓనరుకు చెబితే, ఆయన పైవాళ్లను అడగమంటాడు. పైన ఎవరున్నారు? బ్యాంకు సీలు ఉంది. సీలు పగలగొడితే కేసవుతుంది. డక్టులో పైపు దగ్గర ఆ ఫ్లాటుకు విడిగా వాల్వు లేదు, లైను మొత్తం కట్టేస్తే అయిదు అంతస్తులకు నీళ్లు ఆగుతాయి. ప్లంబరును పిలిచి ఆ ఒక్క కనెక్షనుకు బయటివైపు గేట్ వాల్వు వేయించాం. ఆ ఖర్చును ఫ్లాటు బాకీలో కలిపాం.

అందుకే తాళం వేసే రోజున అసోసియేషన్ నుంచి ఎవరో ఒకరు అక్కడ ఉండండి. మిమ్మల్ని ఎవరూ పిలవరు, మీరే వెళ్లాలి. బయట వాల్వు ఉంటే కట్టించండి. మెయిన్ స్విచ్ ఆపించండి. గ్యాస్ సిలిండర్ లోపల ఉండనివ్వకండి. ఫ్రిజ్ ఖాళీ చేయించండి. బాత్రూము జాలీల్లో నీళ్లు ఎండిపోతే డ్రైనేజీ వాసన, బొద్దింకలు నేరుగా మెట్లమీదికి వస్తాయి. జాలీల మీద టైలు ముక్కో, ప్లాస్టిక్ కవరో పెట్టి టేపు వేయించండి. కమోడ్ మూత వేసి దానిమీదా టేపు. బాల్కనీలో బకెట్లు, పూలకుండీల కింది పళ్లేలు, వాడి పారేసిన డ్రమ్ములు ఉంటే కిందికి దింపేయండి.

బాల్కనీ మాట తేలిగ్గా తీసుకోకండి. డెంగీ దోమ మంచినీళ్లలోనే పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. మన దగ్గర శుక్రవారం డ్రై డే పెట్టింది ఆ లెక్కనే. అందరి ఇళ్లలో నీళ్లు పారబోస్తే సరిపోతుందా, తాళం వేసిన ఫ్లాటు బాల్కనీలో ఎవరు పారబోస్తారు? పక్క ఫ్లాటు బాల్కనీ నుంచి చూడగలిగితే వారానికోసారి చూడండి. నీళ్లు నిలిచి ఉంటే ఫొటో తీసి మున్సిపల్ ఎంటమాలజీ (దోమల నివారణ) వాళ్లకు ఫిర్యాదు చేయండి, అదే ఫొటో బ్యాంకు అధికారికి మెయిల్ చేయండి.

ఆ మెయిల్‌లో ఒక వాక్యం తప్పకుండా రాయండి. సర్ఫేసీ నియమాల్లో రూల్ 8 ప్రకారం, స్వాధీనం చేసుకున్న ఆస్తిని వివేకమున్న యజమాని ఎలా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా అధీకృత అధికారి చూసుకోవాలి. "ఫ్లాటు మీ కస్టడీలో ఉంది, కింది ఇంటికి నీళ్లు కారుతున్నాయి, రూల్ 8 ప్రకారం మీరు తెరిచి బాగు చేయించాలి" అని రాస్తే జవాబు వస్తుంది. మాకు వచ్చింది. బ్యాంకు మనిషి తాళం తెచ్చాడు, మా ప్లంబరు లోపలికి వెళ్లాడు, మళ్లీ సీలు వేసుకుని వెళ్లారు.

ఇక మెయింటెనెన్స్ బాకీ. ఓనరు కట్టడు, బ్యాంకు కట్టదు, లిఫ్టు నిర్వహణ కాంట్రాక్టు, వాచ్‌మన్ జీతం మాత్రం ఆగవు. ఆ లోటు మిగతావాళ్ల మీద పడుతుంది. ఇక్కడ చేయకూడని పని ముందు చెబుతాను. ఓనరు బాకీ ఉన్నాడని అద్దెవాళ్లకు నీళ్లు కట్టేయడం, లిఫ్టు వాడొద్దనడం. కొన్ని అసోసియేషన్లలో ఇది గొప్ప ఉపాయంలా చెప్పుకుంటారు. నాకది నచ్చదు. అద్దెవాళ్లు మెయింటెనెన్స్‌తో కలిపి ఓనరుకు కట్టేసి ఉంటారు, ఆయన మింగేసి ఉంటాడు. అలాంటప్పుడు అద్దెవాళ్లను మెయింటెనెన్స్ నేరుగా అసోసియేషన్‌కు కట్టి అద్దెలో తగ్గించుకోమని, ఆ మేరకు ఓనరుకు మెసేజ్ పెట్టమని చెప్పండి.

చేయాల్సిన పని, వేలం ప్రకటన పడకముందే బాకీ లెక్క తేదీలతో అధీకృత అధికారికి రాసి పంపడం. తనకు తెలిసిన బాకీలను, భారాలను వేలం ప్రకటనలో చూపాలి బ్యాంకు. తెలియకపోతే చూపదు. ఆస్తిని ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే అమ్ముతారు కనుక కొనేవాళ్లు ఈ బాకీలు కట్టుకోక తప్పదు. ముందే ప్రకటనలో ఉంటే తర్వాత మీతో పేచీ ఉండదు. ప్రకటనలో మా పద్దు ఎక్కింది, కొన్నవాళ్లు దిగేముందు మొత్తం కట్టి నో డ్యూస్ తీసుకున్నారు. కరెంటు బాకీ కూడా అలాగే. పాత యజమాని బాకీ తీరిస్తే తప్ప కొత్త కనెక్షన్ ఇవ్వమని విద్యుత్ సంస్థలు అనొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

టూలెట్ బోర్డు చూసి వెళ్లేవాళ్లకు

ఇల్లు నచ్చగానే వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి, "ఈ ఓనరు కోసం బ్యాంకువాళ్లెవరైనా వస్తుంటారా?" అని అడగండి. ఈసీ కంటే ముందు అతనికి తెలుస్తుంది. ఆ వీధిలో అద్దె కంటే బాగా తక్కువ అద్దె, మామూలుకంటే ఎక్కువ అడ్వాన్సు, "ఆరు నెలలది ఒకేసారి ఇవ్వండి తగ్గిస్తా" అనడం, వేరే ఎవరి ఖాతాకో పంపమనడం, లెటర్‌బాక్సులో తీసుకోని స్పీడ్‌పోస్టు చీటీలు, ఏళ్లుగా పేరుకున్న మెయింటెనెన్స్. వీటిలో రెండు కనిపించినా ఈసీ తీయకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ప్రభుత్వ బ్యాంకుల వేలాలన్నీ ఉండే బ్యాంక్‌నెట్ పోర్టల్లో ఆ ప్రాంతం పేరు కొట్టి చూడటానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఈఎంఐ నడుస్తున్న ఇల్లయితే భయం అక్కర్లేదు, ఊళ్లో సగం ఇళ్లు అలాంటివే. మీరు వెతుకుతున్నది అప్పు ఉందా అని కాదు, నోటీసు పడిందా అని.

ఆ ఫ్లాటు మీరే కొనాలనుకుంటే

ఇది ఎవరికీ తట్టని దారి. ఇంట్లో ఏ గోడకు చెమ్మ, ఏ ట్యాపు కారుతుంది, నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి, అన్నీ తెలిసినవాళ్లు అద్దెదారులే. వేలంలో పాల్గొనడానికి ముందు కట్టే ధరావతు సాధారణంగా రిజర్వు ధరలో పది శాతం. పాట మీకు ఖరారైతే ఆ ధరావతుతో కలిపి 25 శాతం అదే రోజు, లేదంటే మరుసటి పనిదినానికి కట్టాలి. మిగతా 75 శాతానికి అమ్మకం ఖాయమైన రోజు నుంచి 15 రోజులు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే పొడిగిస్తారు, అదీ మూడు నెలలు దాటకూడదు. హోమ్‌లోను నమ్ముకుని పాడేవాళ్లు వేలానికి ముందే లోను మంజూరు కాగితం చేతిలో పెట్టుకోండి. 25 శాతం కట్టి మిగతాది సర్దలేకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. 2024లో సుప్రీంకోర్టు కూడా బ్యాంకు అలా జప్తు చేసుకోవడం సరైనదేనంది.